బ్యాగు చెకింగు, సీసీ కెమెరాలు, మూతి ముడుచుకున్న పిల్లలు

పోయిన సంచికలో ఈ పేజీలో మేమే మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగినాం. బళ్ళలో, కాలేజీల్లో చెకింగులు, కెమెరాలు పెరిగినాక మీ పిల్లలు పెద్దోళ్ళతో మాట్లాడేది పెరిగిందా, తగ్గిందా అని. తిరుపతి, చిత్తూరు, పాకాల, మదనపల్లె నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వచ్చినాయి. కొన్ని ఈడ ఇస్తాన్నాం, మనుషుల పేర్లు, కాలేజీల పేర్లు తీసేసినాం, రెండు మూడిట్లో తిట్లు కూడా తీసేయాల్సొచ్చింది.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, తిరుపతిలో ప్రైవేట్ కాలేజీ, డే స్కాలర్. మా దగ్గర ఎప్పుడంటే అప్పుడు సడన్ చెకింగ్ ఉంటుంది, అందర్నీ లేపి నిలబెట్టి బ్యాగులు బెంచీ మీద బోర్లించమంటారు. పోయిన నెల నా బ్యాగులో ఫోన్ కాదు కదా ఏమీ దొరకలే, డైరీ దొరికింది, ఫ్లోర్ ఇంచార్జ్ సార్ దాన్ని స్టాఫ్ రూమ్‌కి తీస్కపోయి చదివినారు, నలుగురు నవ్వినారని అటెండర్ అక్క చెప్పింది. ప్యాడ్స్ కూడా అబ్బాయిల ముందరే కింద పడినాయి. అప్పట్నుంచి మా సెక్షన్‌లో ఎవరమూ లెక్చరర్లకి ఏమీ చెప్పం, అడిగినా "ఏం లేదు సార్" అంటాం అంతే. ఇప్పుడు అసలు సంగతి ఏంటంటే మా క్లాస్ అమ్మాయిని ఒకడు ఫోటోలు పెట్టుకుని బెదిరిస్తున్నాడు, ఆ విషయం నాకొక్కదానికే తెలుసు, చెప్తే అందరి బ్యాగులూ ఫోన్లూ తిరగేస్తారు, దానికి టీసీ ఇచ్చి పంపిస్తారు, అందుకే నోరు మూసుకున్నా. నేను చేసింది తప్పా? (పేరు వద్దు, తిరుపతి)

జవాబు: పాపా, నీ డైరీ సంగతికి తర్వాత వస్తా, ముందు ఆ అమ్మాయి సంగతి చూద్దాం, అది ఆగే విషయం కాదు.

బెదిరించేటోడు ఒకసారి డబ్బులో ఇంకో ఫోటోనో ఇస్తే ఊరుకోడు, ఇచ్చేకొద్దీ అడుగుతానే ఉంటాడు. కాబట్టి ఇంకేమీ ఇవ్వొద్దని చెప్పు, భయపడి చాట్ డిలీట్ చేయొద్దని చెప్పు, వాడు బెదిరించిన మెసేజీలు, వాడి నంబరు, ప్రొఫైలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమను, కానీ ఆ ఫోటోలు మాత్రం సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, నీ ఫోన్‌లోకి కూడా తెచ్చుకోవద్దు. తర్వాత 1098 కి ఫోన్ చేయండి. అది పిల్లల హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పని చేస్తుంది, డబ్బులు పడవు, ఆ అమ్మాయే చేయాలని లేదు, నువ్వు చేసినా చాలు. వాడు ఇంటి కాడికో కాలేజీ కాడికో వస్తే మాత్రం ఆలోచించకుండా పోలీసుల ఎమర్జెన్సీ నంబరు 112 కి చేయండి. ఆ అమ్మాయికి 18 నిండలేదు కాబట్టి ఇట్లాంటివి పోక్సో చట్టం కింద చూస్తారు, పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన చట్టం అది, దాంట్లో పిల్లలకి పెద్దగా తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. స్టేట్‌మెంట్ కోసం ఆ అమ్మాయి స్టేషన్‌కి పోనక్కర్లేదు, ఇంట్లోనో తనకి ఇష్టమైన చోటో తీసుకోవాలి, వీలైనంత వరకు ఎస్సైకి తగ్గని మహిళా ఆఫీసర్ రావాలి, అది కూడా యూనిఫాం లేకుండా. పేపర్లో, టీవీలో పేరు గానీ ఫోటో గానీ బడి పేరు గానీ రాకూడదు. టీసీ ఇస్తారని నీ భయం, బెదిరింపులు పడుతున్న పిల్లకి టీసీ ఇస్తే చిక్కులో పడేది కాలేజీనే, ఎందుకంటే విషయం తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోతే ఆ చట్టం ప్రకారం అదే ఒక నేరం. ఇంట్లో అమ్మో పిన్నో అత్తో, అరవకుండా వినే మనిషి ఒకరుంటారు చూడు, ఈ రాత్రే వాళ్ళకి చెప్పండి, మీరిద్దరే మోయొద్దు.

తప్పా అని అడిగినావు. నీ భయంలో తప్పు లేదు, కళ్ళారా చూసినదానికే భయపడినావు. ఇంక ఆలస్యం మాత్రం చేయొద్దు.

ఇక్కడి నుంచి నేను మాట్లాడేది ఆ పాపతో కాదు, ఆ కాలేజీ పెద్దలతో, ఇట్లాంటి కాలేజీలు నడిపే మిగతావాళ్ళతో. మీరు డైరీ చదివి నవ్వుకున్నారు చూడండి, ఆ పది నిమిషాల సరదాకి మీ క్లాసులో ఒక నేరం జరుగుతుంటే మీకు తెలిసే దారి మూసుకుపోయింది. బ్యాగులు బోర్లిస్తే ఫోన్లు దొరుకుతాయి, ఫోన్‌లో ఎవడు ఎవర్ని ఏడిపిస్తున్నాడో దొరకదు, అది తెలిసిన పిల్ల నోరు తెరిస్తేనే తెలుస్తుంది.

ఇది నా సొంత వేదాంతం కాదు. అమెరికాలో 1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రంలో కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపి 12 మంది తోటి పిల్లల్ని, ఒక టీచర్ని చంపినారు, వాళ్ళూ చచ్చిపోయినారు. ఆ తర్వాత ఆ దేశంలో మెటల్ డిటెక్టర్లు, బళ్ళలో పోలీసులు, చిన్న తప్పుకి కూడా సస్పెన్షన్లు, అన్నీ పెరిగిపోయినాయి. అదే టైంలో వాళ్ళ సీక్రెట్ సర్వీస్, అంటే ప్రెసిడెంటుకి కాపలా కాసేవాళ్ళే, విద్యాశాఖతో కలిసి 1974 నుంచి 2000 దాకా జరిగిన ఇట్లాంటి 37 దాడుల్ని తవ్వి చూసి 2002లో రిపోర్టు ఇచ్చినారు. దాంట్లో నూటికి 81 దాడుల విషయం ముందే కనీసం ఒక్కరికి తెలుసు. తెలిసినోళ్ళు ఎవరంటే దాదాపు అందరూ ఫ్రెండ్సు, క్లాస్‌మేట్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. పెద్దోళ్ళకి తెలిసింది చాలా తక్కువ. 2008లో ఇంకో చిన్న స్టడీ చేసి, అట్లా ముందే తెలిసిన పిల్లల్ని కూర్చోబెట్టి ఎందుకు చెప్పినారు, ఎందుకు చెప్పలేదు అని అడిగినారు. చెప్పినోళ్ళకి బడిలో మన మాట వింటారు అనే నమ్మకం ఉంది, చెప్పనోళ్ళు చెప్తే మనకే తిప్పలు అనుకున్నారు. మన దగ్గర తుపాకుల గోల లేదు, సామి దయ. కానీ ఈ పాప రాసిన ఉత్తరం మళ్ళీ ఒకసారి చదవండి, అచ్చం అదే మాట కదా రాసింది.

సోదా చేసే హక్కు గురించి కూడా అక్కడ పెద్ద గొడవలే జరిగినాయి. 1985లో వాళ్ళ సుప్రీంకోర్టు, బాత్రూంలో సిగరెట్ తాగిందని ఒక 14 ఏళ్ళ అమ్మాయి హ్యాండ్‌బ్యాగు వెతికిన కేసులో, బడి వాళ్ళు వెతకొచ్చు, పోలీసుల్లాగా వారంట్ అక్కర్లేదు, కానీ సరైన అనుమానం ఉండాలి, వెతికేది ఆ అనుమానానికి తగ్గట్టు ఉండాలి, అతి చేయకూడదు అని చెప్పింది. అయినా 2003లో అరిజోనాలో ఒక బడి వాళ్ళు 13 ఏళ్ళ పాపని బట్టలు తీయించి వెతికినారు, దేనికోసం అనుకున్నారు, ఐబుప్రొఫెన్ మాత్రల కోసం, మన మెడికల్ షాపులో ఒళ్ళు నొప్పులంటే ఇచ్చే బ్రూఫెన్ అన్నమాట. ఏమీ దొరకలే. 2009లో కోర్టు 8–1 తేడాతో అది తప్పే అని తేల్చింది. మన దేశంలో బ్యాగు ఎట్లా వెతకాలి అని అంత స్పష్టంగా గీత గీసిన తీర్పు నా కంట పడలేదు గానీ, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు చెప్పినారు, అది పెద్దోళ్ళకి మాత్రమే అని వాళ్ళేం అనలే.

పాపా, డైరీ గురించి నువ్వు చేయగలిగింది ఒకటుంది. అమ్మానాన్నతో పోయి ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వు, అమ్మాయిల బ్యాగులు లేడీ లెక్చరరే పక్క రూమ్‌లో ఒక్కొక్కరివి చూడాలని, నిషేధం ఉన్న వస్తువు తప్ప కాగితాలు, డైరీలు తెరవకూడదని. అరవొద్దు, ఏడవొద్దు, కాగితం ఇచ్చి ఎక్నాలెడ్జ్‌మెంట్ తీసుకో. కాగితం అంటే కాలేజీ వాళ్ళకి ఉన్న భయం ఇంకేదానికీ ఉండదు, ఇది అనుభవం మీద చెప్తున్నా.

ప్రశ్న: మేడమ్ గారూ, మీరు పిల్లల్ని వెనకేసుకొస్తున్నారని నాకు అనిపించింది. నాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట, చిన్న వ్యాపారం. గురుగ్రామ్‌లో బడి బాత్రూంలో చిన్న పిల్లోడిని చంపినప్పట్నుంచి నాకు నిద్ర పట్టదు. మావాడు తొమ్మిదో తరగతి, వాళ్ళ బడిలో ప్రతి రూముకీ కెమెరా ఉంది, దానికోసమే ఫీజు ఎక్కువైనా చేర్పించినా. వాడి ఫోన్‌లో వాడికి తెలియకుండా ఎక్కడున్నాడో చూపించే యాప్ కూడా పెట్టినా. ఈమధ్య వాడు నాతో సరిగ్గా మాట్లాడట్లే, బడి జైలులాగా ఉంది అంటాడు. కెమెరా ఉంటే తప్పు చేయనోడికి భయమెందుకు?

జవాబు: మీ భయం నాకర్థమవుతుంది సార్, ఆ వార్త విన్న ఏ తల్లిదండ్రులకైనా కడుపులో దేవినట్టే ఉంటుంది. కానీ ఆ కేసే పూర్తిగా చూడండి. 2017 సెప్టెంబర్ 8న ఏడేళ్ళ పిల్లోడు చనిపోయినాడు. పోలీసులు అదే రోజు బస్సు కండక్టర్ని పట్టుకుని వాడే చేసినాడు, ఒప్పుకున్నాడు అన్నారు. తర్వాత సీబీఐ వచ్చి నవంబర్‌లో అదే బడిలో పదకొండో తరగతి చదివే విద్యార్థిని పట్టుకుంది, కండక్టర్‌కి సంబంధం లేదని తేల్చింది. కెమెరా ఆ బడిలోనూ ఉంది, ఫుటేజీ విచారణకి పనికొచ్చింది. జరగకుండా మాత్రం ఆపలేదు. కెమెరా జరిగినాక చూసుకోవడానికి, అంతే, అది కూడా ఎవరన్నా కూర్చుని చూస్తేనే.

అట్లాగని కెమెరాలు పీకేయమని నేను అనను. గేటు కాడ, మెట్ల కాడ, బస్సు ఎక్కే చోట ఉండాల్సిందే. ఆ ఘటన జరిగిన నాలుగు రోజులకే సీబీఎస్‌ఈ తన బళ్ళకి కెమెరాలు పెట్టండి, బస్సు డ్రైవర్లు, ఆయాలు, అటెండర్లు అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించండి అని సర్క్యులర్ ఇచ్చింది. 2025 జులైలో ఇంకా ముందుకి పోయి బాత్రూములు తప్ప క్లాసులు, వరండాలు, క్యాంటీన్, ఆటస్థలం అన్నిచోట్లా మాట కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలి, కనీసం 15 రోజుల ఫుటేజీ దాచాలి అంది. మాట కూడా. నాకు ఇక్కడే కొంచెం గొంతులో ముల్లు పడినట్టుంది. ఇంటర్వెల్‌లో ఇద్దరు పిల్లలు గుసగుసలాడుకునేది కూడా రికార్డయితే, ఒక పిల్లోడు క్లాసయ్యాక టీచరమ్మ దగ్గరికి పోయి "మేడమ్ మా నాయన తాగొచ్చి అమ్మని కొడతాన్నాడు" అని ఏ మూల నిలబడి చెప్పాల? ఢిల్లీలో 2019లో సర్కారు బళ్ళ క్లాసుల్లో కెమెరాలు పెట్టి అమ్మానాన్నల ఫోన్‌కే లైవ్ ఇస్తామంటే అది కోర్టు దాకా పోయింది, మన పిల్ల ఒక్కతే కాదు కదా పక్క పిల్లలు కూడా ఆ ఫోన్‌లో కనపడతారు అని గొడవ.

తప్పు చేయనోడికి భయమెందుకు అంటున్నారు. సరే, మీ అంగట్లో మీ నాన్నగారు మీకు తెలియకుండా కెమెరా పెట్టి మీరు ఎవరితో మాట్లాడతాన్నారో ఇంట్లో కూర్చుని చూస్తాన్నారనుకోండి, మీకు ఎట్లా ఉంటుంది? మీరేమీ తప్పు చేయట్లేదు, అయినా మండుతుంది. మీవాడికి ఆ యాప్ సంగతి ఇప్పటికే తెలిసి ఉంటుందని నా అనుమానం, తొమ్మిదో తరగతి పిల్లోళ్ళకి ఫోన్ సంగతులు మనకన్నా పదింతలు ఎక్కువ తెలుసు, అందుకే మాట్లాడట్లేదేమో. ఈ ఆదివారం మీరే చెప్పేయండి, "యాప్ పెట్టినాను రా, నాకు భయం వేసి పెట్టినా" అని. ఎక్కడున్నాడో చూసేది ఉంచుకుంటారా, దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోండి, ట్యూషన్ నుంచి రాత్రి వచ్చే టైంలో మాత్రమే చూస్తా అని చెప్పండి, మెసేజీలు చదివేది అయితే తీసేయండి. రెండు వారాలు ముభావంగా ఉంటాడు, ఉండనీయండి.

ప్రశ్న: సీసీ కెమెరాకి బబుల్ గమ్ అంటిస్తే కేసవుతుందా? (పదో తరగతి, కొర్లగుంట)

జవాబు: కేసు సంగతి తర్వాత, ముందు నువ్వు గమ్ అంటించేది ఆ కెమెరాలోనే రికార్డవుతుంది రా అబ్బోడా. స్టూడెంట్ లీడర్‌తో పోయి హెడ్మాస్టర్‌ని అడుగు, ఫుటేజీ ఎవరు చూస్తారు, ఎన్ని రోజులు ఉంచుతారు అని. జవాబు చెప్పలేక ఆయన తడుముకుంటే అది గమ్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ప్రశ్న: నేను దేవస్థానంలో పని చేసి రిటైరయినాను. అలిపిరిలో రోజూ వేల మందిని చెక్ చేస్తారు, సంచులు మిషన్‌లో పెడతారు, ఎవరికీ కోపం రాదు, గోవిందా అని పోతారు. మరి ఈ కాలం పిల్లలకి బడిలో చెక్ చేస్తే అంత రోషమెందుకు? మా మనవరాలు నీట్ రాసొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, పరీక్షకి కాదంట, చెకింగుకంట!

జవాబు: పెద్దాయనా, అలిపిరి మాట ఎత్తి మంచి పని చేసినారు. 2003 అక్టోబర్ 1న అక్కడ ఘాట్ రోడ్డులో క్లెమోర్ మైన్లు పేల్చి అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కాన్వాయ్ మీద దాడి చేసినాక చెకింగు ఎంత గట్టిపడిందో మీకు నాకన్నా బాగా తెలుసు. మరి అక్కడ కోపమెందుకు రాదంటే, నాకు తోచింది చెప్తా. అక్కడ కారులో వచ్చినోడూ దిగాల్సిందే, బస్సులో వచ్చినోడూ దిగాల్సిందే (వీఐపీల సంగతి వదిలేయండి, అదొక వేరే పురాణం). ఏవి తీసుకుపోకూడదో ముందే బోర్డు మీద ఉంటుంది, సిగరెట్టు, మందు, మాంసం వద్దని ఊరందరికీ తెలుసు. జేబులో బీడీ కట్ట దొరికితే తీసి పక్కన పడేసి పొమ్మంటారు, నీ మీద అనుమానమొచ్చి ఆపినాం అని ఎవరూ అనరు, వాళ్ళ నాయనకి ఫోన్ చేయరు, లైన్‌లో అందరి ముందరా నిలబెట్టి నీతులు చెప్పరు. బడిలో ఏం జరుగుతుందో చూడండి, పిల్లల బ్యాగులే చూస్తారు, సార్ల బ్యాగు ఎవరూ చూడరు, అందులోనూ వెనక బెంచీ వాళ్ళవే రెండుసార్లు చూస్తారు. పిల్లలకి రోషం చెకింగుకి కాదు, ఏరి చూసేదానికి.

నీట్ కాడ రూల్స్ ముందే అడ్మిట్ కార్డులో ఉంటాయి, పొడుగు చేతుల చొక్కా వద్దు, షూ వద్దు, చెప్పులు వేసుకుని రండి అని, అందరికీ ఒకటే. కాబట్టి చాలామంది పిల్లలు ఇబ్బంది పడినా సర్దుకుంటారు. ఎక్కడ చెడుతుందంటే చెకింగు చేసే మనిషి దగ్గర. 2022 జులైలో కేరళలో కొల్లం జిల్లాలో నీట్ సెంటర్‌లో అమ్మాయిల చేత లోపలి బట్టలు తీయించినారు, మెటల్ హుక్ మోగిందని. కేసులు పెట్టి అరెస్టులు చేసినారు, ఆ అమ్మాయిలకి సెప్టెంబర్‌లో మళ్ళీ పరీక్ష పెట్టినారు. అంటే పరీక్ష పాడైందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టే. మీ మనవరాలిని కూర్చోబెట్టి ఏం జరిగింది తల్లీ అని ఒక్కసారి అడగండి, అడిగినాక మధ్యలో అలిపిరి గురించి చెప్పకండి.

ప్రశ్న: పాకాల దగ్గర జడ్పీ హైస్కూల్లో టీచర్ని. పత్రికలో రాయడం ఈజీ మేడం, మా పరిస్థితి వేరే. ఎనిమిదో తరగతి పిల్లల బ్యాగుల్లో ఖైనీ ప్యాకెట్లు, గుట్కా దొరుకుతున్నాయి, ఒకడి దగ్గర బ్లేడు దొరికింది. చెక్ చేస్తే పిల్లలు శత్రువుల్లాగా చూస్తారు, చెక్ చేయకపోతే రేపు ఏమన్నా అయితే మమ్మల్నే సస్పెండ్ చేస్తారు. మేము ఏం చేయాలి?

జవాబు: మీది న్యాయమైన కోపం మేడమ్. చెక్ చేయకండి అని నేను అనలేను, బ్లేడు దొరికిన క్లాసులో చూడకుండా ఎట్లా ఉంటారు. ఎట్లా చేయాలి అనేదే మాట్లాడుకుందాం.

దానికన్నా ముందు ఒకటి. ఆ ఖైనీ ప్యాకెట్ పిల్లోడి బ్యాగులోకి ఆకాశం నుంచి పడలేదు, మీ బడి గేటు నుంచి నడిచిపోయే దూరంలో ఏదో అంగడిలో కొన్నాడు. 2003 పొగాకు చట్టం ప్రకారం బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు, 18 లోపు వాళ్ళకి ఎక్కడా అమ్మకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఇంకా గట్టిది, పిల్లలకి పొగాకో మందో మత్తుదో ఇచ్చినోడికి ఏడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. మరి ఎన్ని అంగళ్ళ మీద కేసు చూసినారు మీరు? పన్నెండేళ్ళ పిల్లోడి బ్యాగు వారం వారం తిరగేస్తాం, అమ్మినోడిని "ఏమన్నా బాగున్నావా" అని పలకరించి పోతాం. పిల్లలు గుడ్డోళ్ళు కాదు, ఇది చూస్తానే ఉంటారు, పెద్దోళ్ళు పెద్దోళ్ళని ముట్టుకోరు, మన మీదే ప్రతాపం అని వాళ్ళకి అర్థమైపోతుంది, ఇంక మీరు ఎన్ని మంచి మాటలు చెప్పినా చెవికెక్కదు. హెడ్మాస్టరు, పేరెంట్స్ కమిటీ కలిసి ఎస్సై గారికి ఒక అర్జీ పెట్టి ఆ అంగడి సంగతి తేల్చండి, అది పిల్లలకి తెలిసేలా చేయండి. గంజాయి లాంటిది ఉందని అనుమానమొస్తే మన రాష్ట్రంలో ఈగల్ వాళ్ళ, అంటే మత్తుమందుల్ని పట్టే పోలీసు విభాగం వాళ్ళ, నంబరు 1972 ఉంది.

ఇంక చెకింగు. ఏ వస్తువులు తేకూడదో నోటీసు బోర్డు మీద పెట్టండి, పట్టీ చిన్నదిగా ఉండాలి, పెర్ఫ్యూమూ, సినిమా హీరో ఫోటో, లవ్ లెటరూ అందులో కలపొద్దు, బ్లేడుకీ లవ్ లెటర్‌కీ ఒకే శిక్ష పెడితే పిల్లలు రెండూ ఒకే తెలివితో దాస్తారు. చూసే రోజు క్లాసు మొత్తం చూడండి, టీచర్ల బ్యాగులు కూడా ఆ బల్ల మీదే పెట్టండి, నవ్వుకుంటారు గానీ ఆ నవ్వు మంచిదే. ఆడపిల్లలవి మీరే చూడండి, పక్క రూమ్‌లో. దొరికినోడిని అసెంబ్లీలో నిలబెట్టొద్దు. ఎనిమిదో తరగతి దాకా పిల్లలకైతే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించి వేధించడాన్ని కూడా నిషేధించింది, ఇది మీకు తెలిసే ఉంటుంది, మీ పై ఆఫీసర్లకి గుర్తు చేయడానికి చెప్తున్నా.

బ్లేడు పిల్లోడి దగ్గర మాత్రం ఆగండి. అది ఇంకొకరిని కోయడానికా, తనని తాను కోసుకోవడానికా, లేకపోతే పెన్సిల్ చెక్కుకోవడానికా? పొడుగు చేతుల చొక్కా ఎండాకాలంలో కూడా వేసుకొస్తాడా? సస్పెండ్ చేస్తే ఈ ప్రశ్నకి జవాబు ఎప్పటికీ దొరకదు. అమెరికాలో చిన్న తప్పుకీ పెద్ద తప్పుకీ తేడా లేకుండా బయటికి పంపే పద్ధతిని అక్కడి సైకాలజిస్టుల సంఘం, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, ఒక కమిటీ వేసి 2006లో పరిశీలించింది, దానివల్ల బళ్ళు భద్రంగా మారినాయి అనడానికి ఆధారం దొరకలేదని తేల్చింది. వాళ్ళు ఎన్నో ఏళ్ళు చేసి చూసి వదిలించుకుంటున్నదాన్ని మనం ఇప్పుడు కొత్తగా నెత్తికెత్తుకోవాల్సిన పని లేదు.

ప్రశ్న: మదనపల్లె నుంచి. మన రిషీవ్యాలీలో భయం లేని చదువు అంటారు కదా, అన్ని బళ్ళూ అట్లా ఎందుకు ఉండవు?

జవాబు: రిషీవ్యాలీ బడి పెట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు 1895లో మీ ఊళ్ళోనే పుట్టినారు, భయం ఉన్న చోట చదువు రాదు అని జీవితమంతా చెప్తానే ఉన్నారు, మనం ఆయన పేరు చెప్పుకుని గర్వపడతానే ఉన్నాం. కానీ ఒక క్లాసులో పాతిక మంది ఉండే చోటికీ, సెక్షన్‌కి ఎనభై మందిని కుక్కే చోటికీ పోలిక పెడితే ఆ లెక్చరర్లకి అన్యాయం చేసినట్టు. ఎనభై మందిలో పిల్లోడి పేరు గుర్తు పెట్టుకోలేని సార్ ఏం చేస్తాడు, బ్యాగు చూస్తాడు. సెక్యూరిటీకి పెట్టే డబ్బుల్లో కొంచెం తీసి ఇంకో ఇద్దరు టీచర్లని పెట్టుకోమని అడగండి, ఏమంటారో నాకూ రాయండి.

ప్రశ్న: నమస్తే మేడం. నేను తిరుపతిలో ఒక కాలేజీ హాస్టల్లో నైట్ వాచ్‌మన్. చదువు తక్కువ, మా కూతురు టైపు చేస్తాంది. పిల్లోళ్ళు అన్నా అన్నా అని వచ్చి కూర్చుంటారు, ఇంటి సంగతులు చెప్తారు. మేనేజిమెంటు వాళ్ళు ఎవరు ఏం మాట్లాడినా మాకు చెప్పాల అన్నారు. ఒక పిల్లోడు రాత్రి రెండు గంటలకి వచ్చి బతకబుద్ధి కావట్లేదన్నా అన్నాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలే, పొద్దున్నే వార్డెన్‌కి చెప్పినా. వాళ్ళు వాడి పెట్టె అంతా వెతికి, వాళ్ళ నాయన్ని పిలిపించి అందరి ముందర అరిచినారు. ఇప్పుడు వాడు నా మొహం చూడడు, వేరే పిల్లోళ్ళు కూడా వచ్చేది మానేసినారు. నేను చెప్పకుండా ఉండాల్సిందా?

జవాబు: అన్నా, చెప్పాల్సిందే. బతకబుద్ధి కావట్లేదు అన్న మాట కడుపులో దాచుకునే మాట కాదు, మీరు చెప్పింది సరైన పని, తర్వాత వాళ్ళు చేసింది దరిద్రపు పని, ఆ రెండూ కలపొద్దు. ఏడుస్తున్న పిల్లోడి పెట్టెలో ఏం దొరుకుతుందని వెతికినారో నాకర్థం కాలే.

మీ మేనేజిమెంటుకి చూపించడానికి ఒకటి చెప్తా. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కి వచ్చిన 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిచ్చింది, దేశంలో అన్ని బళ్ళకీ, కాలేజీలకీ, కోచింగ్ సెంటర్లకీ, హాస్టళ్ళకీ కలిపి 15 మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది పైన పిల్లలున్న చోట కనీసం ఒక చదువుకున్న కౌన్సెలర్ ఉండాల, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనపడేలా పెట్టాల, స్టాఫ్ అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాల, పాఠాలు చెప్పేవాళ్ళకే కాదు మిగతా స్టాఫ్‌కీ, అంటే మీలాంటోళ్ళకి కూడా. హాస్టళ్ళలో ప్రాణం తీసుకోవడానికి వీలు లేని రకం ఫ్యాన్లో, అట్లాంటి భద్రతా పరికరాలో పెట్టమని కూడా అందులో ఉంది, కోచింగ్ సెంటర్లకి పేరుపడిన రాజస్థాన్ కోటాలో 2023లోనే అధికారులు స్ప్రింగు ఫ్యాన్లు పెట్టమన్నారు. ఫ్యాన్లు మార్చేది ఒక్క రోజు పని కాబట్టి అది త్వరగానే చేసేస్తారు చూడండి, కౌన్సెలర్‌ని పెట్టమంటే మాత్రం జీతం లెక్కలు మొదలవుతాయి.

మీరు ఇప్పుడు చేయాల్సింది, ఆ పిల్లోడి దగ్గరికి మీరే పోండి. వాడు రాడు. "నువ్వు ఏమైపోతావో అని భయమేసి చెప్పినా, వాళ్ళు అట్లా చేస్తారనుకోలే" అని చెప్పండి, క్షమించమని బతిమాలొద్దు, వాడు ఏమన్నా తిడితే తిట్టనీయండి. మిగతా పిల్లోళ్ళకి కూడా ముందే చెప్పి పెట్టండి, మీరు చెప్పే ఇంటి సంగతులు, ప్రేమలు, సినిమాలు నా దగ్గరే ఉంటాయి, ప్రాణం మీదికి వచ్చే మాటైతే మాత్రం నేను ఇంకొకరికి చెప్తా, చెప్పే ముందు మీకే చెప్తా అని. మేనేజిమెంటు వాళ్ళు అన్నీ చెప్పాల అంటే, ప్రాణానికి సంబంధించింది చెప్తాను సార్, మిగతాది నాకు గుర్తుండదు అనండి.

మళ్ళీ అట్లా ఎవరన్నా రాత్రి పూట వస్తే వాళ్ళని ఒంటరిగా రూమ్‌కి పంపొద్దు, పక్కన కూర్చోబెట్టుకుని 14416 కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, సర్కారుదే, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పిల్లోడు మాట్లాడకపోతే మీరే మాట్లాడి ఏం చేయాలో అడగొచ్చు. ఆ నంబరు మీ కూతురి చేత పెద్ద అక్షరాలతో రాయించి మీ కుర్చీ వెనక గోడకి అంటించండి, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.